హోమ్ లోన్‌లో కలిపేసిన ఇన్సూరెన్స్ డబ్బు వెనక్కి వస్తుందా?

అమ్మా, మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ముందు చెప్తాను, తప్పుంటే దిద్దండి. కరీంనగర్‌లో ఇల్లు కొనడానికి 2024 నవంబర్‌లో ఒక ప్రైవేటు బ్యాంకులో 35 లక్షల లోన్ తీసుకున్నారు, 20 ఏళ్లకు, 9 శాతం వడ్డీ. మొన్న వేరే పని మీద స్టేట్‌మెంట్ తీస్తే అందులో లోన్ 36,42,000 అని ఉంది. ఎక్కువ ఉన్న 1,42,000 ఏమిటని అడిగితే ఇన్సూరెన్స్ ప్రీమియం అన్నారు. అందులో 98,000 మీవారి పేరు మీద ఐదేళ్ల లైఫ్ కవర్‌కి, 44,000 ఉద్యోగం పోయినా, యాక్సిడెంట్ అయినా, పెద్ద జబ్బు చేసినా ఈఎంఐలు కట్టే పాలసీకి. మీవారిది మొబైల్ షాపు, ఆయనకు ఆరేళ్లుగా షుగర్ ఉంది. లోన్ ఇచ్చేటప్పుడు "ఇది తీసుకోకపోతే ఫైలు కదలదు" అన్నారు. ఇప్పుడేమో "మీరే సంతకం పెట్టారు, ఫ్రీ లుక్ గడువు (కాగితం అందాక పాలసీ వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేసే గడువు) కూడా దాటిపోయింది, మా చేతుల్లో ఏమీ లేదు" అంటున్నారు.

మీ కేసు బలంగా ఉంది. డబ్బు కచ్చితంగా వస్తుందని ఎవరూ రాసివ్వలేరు, కానీ సంతకం పెట్టినంత మాత్రాన అంతా అయిపోయిందన్న మాట మాత్రం నమ్మకండి. నేను ఇరవై రెండేళ్లు బ్యాంకు లోన్ సెక్షన్‌లో పనిచేశాను, బయటికొచ్చాక ఐదేళ్లుగా ఇలాంటి కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లకు ఫిర్యాదులు రాసిపెడుతున్నాను. బ్రాంచ్‌లో చెప్పే ఈ మూడు ముక్కల సమాధానం విని ఇంటికెళ్లిపోయినవాళ్లే ఎక్కువమంది. అక్కడ ఆగకుండా కాగితం మీద పెట్టినవాళ్లలో చాలామందికి పూర్తిగానో, కొంతో తిరిగి వచ్చింది.

ముందు ఆ 1,42,000 మీకు నిజంగా ఎంత పడుతోందో చూడండి. అది మీ జేబులోంచి ఒకేసారి పోలేదు, లోన్‌లో కలిసింది. అంటే దానికీ 9 శాతం వడ్డీ, దానికీ ఇరవై ఏళ్లు. లెక్క వేస్తే నెలకు దాదాపు 1,278 రూపాయలు మీ ఈఎంఐలో దాని వాటాయే. 240 నెలలకు మూడు లక్షల ఆరు వేలు దాటుతుంది. లైఫ్ కవర్ ఐదేళ్లకే అయిపోతుంది, దాని అప్పు మాత్రం ఇంకో పదిహేనేళ్లు కడుతూనే ఉంటారు. ఈ ఒక్క లెక్కను మీ ఫిర్యాదులో అలాగే రాయండి. ఇరవై ఏళ్ల లోన్‌కు ఐదేళ్ల కవర్ ఎందుకు అమ్మారు అన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర మంచి జవాబు ఉండదు. నాకు తెలిసిన కారణం ఒకటే: ప్రీమియం ఒక స్థాయి దాటితే కస్టమర్ కళ్లల్లో పడుతుంది, అందుకని కాలం కుదించి, లోన్‌లో ఇమిడిపోయేంత మొత్తంలో పెడతారు.

ఇక రెండో పాలసీ, 44,000ది. నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. ఉద్యోగం పోతే ఈఎంఐ కట్టే కవర్ జీతం మీద బతికేవాళ్ల కోసం తయారుచేసినది. షరతులు చదివితే మామూలుగా సొంత వ్యాపారం చేసుకునేవాళ్లకు ఆ భాగం వర్తించదని ఉంటుంది, రాజీనామా చేసినా వర్తించదు, కట్టేది కూడా ఏ మూడు ఈఎంఐల వరకో. మీవారికి షాపు ఉంది, లోన్ ఇచ్చింది షాపు ఐటీ రిటర్నులు చూసే. అంటే ఆయనకు ఉద్యోగం లేదని బ్యాంకు ఫైల్లోనే రుజువు ఉంది. అన్నీ తెలిసి, ఆయన ఎప్పటికీ వాడుకోలేని కవర్ అమ్మారు. మీకిచ్చిన ఆ పాలసీ సర్టిఫికెట్‌లో ఆ షరతు ఏ పేజీలో, ఏ నంబరు కింద ఉందో వెతికి ఆ వాక్యం కింద గీత గీయండి. దీని మీద నేను ఇంత పట్టుబట్టడానికి కారణం, "ఫైలు కదలదన్నారు" అనేది మీ మాటకు వాళ్ల మాట, ఇది మాత్రం వాళ్ల కాగితమే వాళ్లకు ఎదురు చెప్పే విషయం.

షుగర్ విషయం దానికంటే పెద్దది. ఆరోగ్య ప్రశ్నల దగ్గర అన్నిటికీ "లేదు" అని టిక్ పెట్టి ఉందని రాశారు, ఆ టిక్కులు పెట్టింది బ్యాంకు కుర్రాడు. అతను మిమ్మల్ని అడిగాడా? అడగలేదని మీరంటున్నారు. దాని ఫలితం ఏమిటంటే, రేపు మీవారికి ఏదైనా జరిగితే, దేవుడు అలా చేయకూడదు, బీమా కంపెనీ పాత మెడికల్ రికార్డులు తీసి "షుగర్ దాచారు" అని క్లెయిమ్‌ను ప్రశ్నించవచ్చు. ఇన్సూరెన్స్ చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు నిండాక లైఫ్ పాలసీని అలా ప్రశ్నించడానికి లేదు, ఆ లోపల మాత్రం ప్రశ్నించే వీలుంది. మీది ఐదేళ్ల కవర్. అందులో మొదటి మూడేళ్లు ఇలా గాల్లో దీపంలా ఉండే కవర్‌కు 98,000 కట్టారన్నమాట. ఈ విషయం దాచాలని చూడకండి, నిజాన్ని నిజంగానే రాయండి: "మావారికి ఫలానా సంవత్సరం నుంచి షుగర్ ఉంది, ఫారం నింపిన బ్యాంకు ఉద్యోగి ఆ ప్రశ్న మమ్మల్ని అడగలేదు, తానే లేదని నింపి సంతకం తీసుకున్నాడు." ఇలా రాస్తే మనమీదికే వస్తుందేమోనని భయపడతారు చాలామంది. పాలసీ రద్దు చేసి డబ్బిమ్మని అడుగుతున్నప్పుడు ఇది మీకు బలమే.

ఒక్క నిమిషం ఆగి ఇంకో మాట. రద్దు అయ్యేలోపు మీవారికి వేరే టర్మ్ పాలసీ చూసుకోండి, ఈసారి షుగర్ సంగతి మొదటి లైన్లోనే చెప్పి, మెడికల్ టెస్టులు చేయించుకుని. ప్రీమియం కొంచెం ఎక్కువ వేస్తారు, వేయనివ్వండి. పిల్లలు చిన్నవాళ్లన్నారు, ఇంటి మీద 35 లక్షల అప్పుంది, సంపాదించేది ఒక్కరు. ఇన్సూరెన్స్ అనవసరమని నేను అనడం లేదు. మీకు తెలిసి, మీకు పనికొచ్చేది, మీకు నచ్చిన కంపెనీ నుంచి ఉండాలి.

ఇప్పుడు నిబంధనలు ఏమంటున్నాయో చెప్తాను, ఎందుకంటే బ్రాంచ్‌లో మాట్లాడేటప్పుడు ఇవి నోటికి రావాలి. లోన్‌కు ఇన్సూరెన్స్ తప్పనిసరి అని ముడిపెట్టకూడదని, ఇన్సూరెన్స్ కొనడం పూర్తిగా కస్టమర్ ఇష్టమని, బ్యాంకు ఇచ్చే వేరే సదుపాయానికి దానికి సంబంధం లేదని స్పష్టంగా తెలియజేయాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఎప్పుడో ఆదేశించింది. 2014 డిసెంబర్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన కస్టమర్ల హక్కుల పత్రంలో అయిదు హక్కులున్నాయి, వాటిలో ఒకటి సరిపోయే ఉత్పత్తినే అమ్మాలన్న హక్కు. షాపు నడిపే మనిషికి ఉద్యోగం పోయే కవర్ అమ్మడం ఆ హక్కుకు నేరుగా విరుద్ధం.

ఇంకోటి మీకు కలిసొచ్చేది. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరైన ప్రతి రిటైల్ లోన్‌కు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి, బ్యాంకువాళ్లు కేఎఫ్‌ఎస్ అంటారు. వడ్డీతో పాటు అన్ని ఖర్చులూ కలిపిన అసలు వార్షిక రేటు అందులో చూపాలి, బయటి కంపెనీ తరఫున వసూలు చేసే ఇన్సూరెన్స్ ఖర్చు కూడా ఆ రేటులో కలవాలి, విడిగా కూడా కనిపించాలి. అందులో లేని ఏ చార్జీనీ మీ స్పష్టమైన అంగీకారం లేకుండా లోన్ మధ్యలో వేయడానికి వీల్లేదు. మీ లోన్ నవంబర్‌ది కాబట్టి మీకు ఇది వర్తిస్తుంది, మంజూరు తేదీ మాత్రం ఒకసారి సాంక్షన్ లెటర్ మీద చూసుకోండి. కేఎఫ్‌ఎస్ తీసి చూడండి. అందులో 1,42,000 లేకపోతే మీ పని సగం అయినట్టే. ఉంటే కంగారుపడొద్దు, కాగితంలో చూపించడం వేరు, ఏం చెప్పి ఒప్పించారన్నది వేరు.

ఫ్రీ లుక్ గురించి. 2024 ఏప్రిల్ నుంచి లైఫ్ పాలసీలకు ఈ గడువు 30 రోజులు, అంతకు ముందు మామూలుగా 15 రోజులు ఉండేది. ఈ 30 రోజులు లెక్కపెట్టేది డబ్బు కట్టిన రోజు నుంచి కాదు, పాలసీ కాగితం మీకు అందిన రోజు నుంచి. మీకు కాగితం ఎప్పుడు అందింది? "మొన్న అడిగితే బ్రాంచ్‌లో ప్రింట్ తీసి ఇచ్చారు" అని రాశారు. మరి అంతకు ముందు పంపామని వాళ్లంటే దేనికి పంపారు, ఏ ఈమెయిల్‌కు, ఏ కొరియర్‌లో? రుజువు అడగండి. నా దగ్గరికి వచ్చిన ఒక కేసులో ఫారంలో ఈమెయిల్ దగ్గర బ్యాంకు ఉద్యోగి సొంత ఈమెయిల్ ఉంది, పాపం కస్టమర్‌కు ఈమెయిలే లేదు. తెనాలిలో కుట్టుపని చేసుకునే ఆమె. ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) దగ్గర వీడియో కాల్‌లో విచారణ జరిగినప్పుడు ఆమె ఒక్కటే మాట చెప్పింది, "అయ్యా, ఆ కాగితం నేను మొదటిసారి చూసింది ఈ సంవత్సరం సంక్రాంతి తర్వాత" అని. మొత్తం ప్రీమియం తిరిగొచ్చింది. అందుకే బ్రాంచ్ ఇచ్చిన ఆ ప్రింట్ మీద తేదీ, ప్రింట్ తీసిన సమయం ఉంటాయి, దాన్ని పారేయకండి. ఆ ప్రింట్ అందిన రోజు నుంచి ముప్పై రోజులు ఇంకా దాటకపోతే, ఇవాళే ఫ్రీ లుక్ కింద రద్దు చేయమని కూడా ఒక మెయిల్ పెట్టండి. ఒప్పుకోకపోవచ్చు, కానీ మీరు అడిగినట్టు రికార్డులో ఉంటుంది.

ఇక ఎవరిని అడగాలి అన్నది. ఇక్కడే జనం తిరిగి తిరిగి అలిసిపోతారు. బ్యాంకుకు వెళ్తే బీమా కంపెనీని అడగమంటారు, వాళ్లకు ఫోన్ చేస్తే అమ్మింది బ్యాంకు కాబట్టి బ్యాంకును అడగమంటారు. సంగతేమిటంటే ఇలాంటివి ఎక్కువగా గ్రూప్ పాలసీలు, మాస్టర్ పాలసీ బ్యాంకు పేరు మీద ఉంటుంది, మీకు వచ్చేది సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్. అమ్మింది బ్యాంకు, డబ్బు పుచ్చుకుంది బీమా కంపెనీ. డబ్బు ఎవరి దగ్గరుందో వాళ్ల మీద మొదట వెళ్లాలి. కాబట్టి అసలు ఫిర్యాదు బీమా కంపెనీ మీద. మీకు రెండు పాలసీలు, బహుశా రెండు వేర్వేరు కంపెనీలు, కాబట్టి రెండు ఫిర్యాదులు. ఒకే కాగితంలో కలిపి రాయకండి, రెండు చోట్లా "ఇది మాది కాదు" అంటారు.

బీమా కంపెనీ వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ ఈమెయిల్ ఉంటుంది. కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి చెప్పడం ఫిర్యాదు కాదు, బ్రాంచ్ మేనేజర్ ముందు కూర్చుని బాధపడటం ఫిర్యాదు కాదు. మెయిల్ పెట్టాలి, ఫిర్యాదు నంబరు రావాలి. దాంతో పాటు బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో కూడా అదే ఫిర్యాదు పెట్టండి, ఫోన్ అయితే 155255. ఐఆర్‌డీఏఐ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, నానక్‌రామ్‌గూడలో, కానీ అక్కడికి మీరు వెళ్లాల్సిన పని లేదు, వాళ్లు తీర్పు చెప్పరు, మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు వచ్చేలా చూస్తారు. పోర్టల్‌లో పెట్టిన ఫిర్యాదుకు కంపెనీలో పైస్థాయివాళ్లు జవాబివ్వాల్సి వస్తుంది, నా అనుభవంలో కొన్ని కేసులు ఇక్కడే తేలిపోయాయి.

మెయిల్లో ఏం రాయాలి? పొడుగ్గా వద్దు, ఒకటిన్నర పేజీ. తేదీల వరుసలో రాయండి. ఎవరు, ఏ రోజు, ఎక్కడ, ఏ మాట అన్నారు. "మమ్మల్ని మోసం చేశారు" అని పదిసార్లు రాసే బదులు "నవంబర్ ఫలానా తేదీ సాయంత్రం లోన్ డిపార్ట్‌మెంట్ అతను మా షాపుకు వచ్చి, ఇన్సూరెన్స్ లేకపోతే సాంక్షన్ రాదని చెప్పాడు, అప్పటికే మేము ఇంటి యజమానికి అడ్వాన్స్ ఇచ్చి ఉన్నాం" అని ఒక్కసారి రాయండి. ఆ అడ్వాన్స్ సంగతి తప్పకుండా రాయాలి. రిజిస్ట్రేషన్ తేదీ దగ్గరపడి, అడ్వాన్స్ పోతుందేమోనన్న టెన్షన్‌లో ఉన్న మనిషి ఏ కాగితం ముందు పెట్టినా సంతకం చేస్తాడు. ఆ టైమ్ చూసే ఇన్సూరెన్స్ ఫారం తెస్తారు. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాడినే కాబట్టి చెప్తున్నాను. లోన్ మీద ఎంత ఇన్సూరెన్స్ అమ్మారని రోజూ పొద్దున పైనుంచి అడిగేవారు. నేనూ అమ్మాను. కొందరికి అది ఉపయోగపడింది, ఒక ఇంట్లో మనిషి పోయినప్పుడు లోన్ మొత్తం తీరిపోయింది కూడా. కానీ అవసరం లేదని తెలిసీ అమ్మిన ఫైళ్లు కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి, అవి గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

మెయిల్లో నాలుగు అడగండి. మొదటిది, పాలసీని మొదటి రోజు నుంచే రద్దు చేసి జీఎస్‌టీతో సహా మొత్తం ప్రీమియం తిరిగివ్వాలి. రెండు, మీవారు సంతకం చేసిన ఫారం పూర్తి కాపీ ఇవ్వాలి, అన్ని పేజీలూ. మూడు, పాలసీ ఇచ్చేముందు వెరిఫికేషన్ కాల్ చేశామంటే దాని రికార్డింగ్, ఓటీపీ తీసుకున్నామంటే ఆ ఓటీపీ మెసేజ్‌లో ఏమని ఉందో ఆ అక్షరాలతో సహా ఇవ్వాలి. నాలుగు, పాలసీ కాగితం మీకు చేర్చినట్టు రుజువు. ఓటీపీ గురించి ఎందుకు చెప్తున్నానంటే, ఈమధ్య "లోన్ వెరిఫికేషన్ కోసం ఒక నంబర్ వచ్చింది చెప్పండి సార్" అని అడిగి దాన్నే ఇన్సూరెన్స్ అంగీకారంగా చూపిస్తున్నారు. మీవారి ఫోన్‌లో 2024 నవంబర్ మెసేజ్‌లు, వాట్సాప్ ఏవీ డిలీట్ చేయకండి, ఆ కుర్రాడి వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే ముందు ఇది చేయండి.

బ్యాంకుకు విడిగా ఒక మెయిల్: లోన్‌తో ముడిపెట్టి ఇన్సూరెన్స్ అమ్మారు, సరిపోని ఉత్పత్తి అమ్మారు, ప్రీమియం మీద ఇప్పటిదాకా వసూలు చేసిన వడ్డీ వెనక్కి ఇవ్వాలి అని. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే, సమాచారానికి 14448. అక్కడ పాలసీ మంచిచెడ్డల గురించి వాదించకండి, బ్యాంకు ప్రవర్తన గురించి మాత్రమే రాయండి.

బీమా కంపెనీ నుంచి మీకు వచ్చే మొదటి జవాబు ఎలా ఉంటుందో నేను ఇప్పుడే చెప్పగలను. "మీరు అన్ని షరతులు చదివి సంతకం చేశారు, ఫ్రీ లుక్ వ్యవధిలో సంప్రదించలేదు, కావున మీ అభ్యర్థనను మన్నించలేము." అది చదివి గుండె జారిపోకూడదు. ఆ జవాబే మీకు కావాల్సింది, ఎందుకంటే ఆ తిరస్కరణ కాగితం ఉంటేనే పై మెట్టు తలుపు తెరుచుకుంటుంది. తిరస్కరించకుండా మౌనంగా ఉన్నా నెల రోజులు ఆగితే చాలు.

ఆ పై మెట్టు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాం, ఈ మూడింటికీ హైదరాబాద్ కార్యాలయమే. ఫీజు లేదు. లాయర్ అక్కర్లేదు, అసలు లాయర్‌ను పెట్టుకోవడానికి కూడా అక్కడ వీల్లేదు, మీరే మాట్లాడాలి, అది సామాన్యులకు మంచిదే. పాలసీ గురించి తప్పుగా చెప్పి అమ్మారన్న ఫిర్యాదు వాళ్ల పరిధిలోదే, గ్రూప్ పాలసీ అయినా సరే. 50 లక్షల దాకా ఇప్పించే అధికారం ఉంది. కంపెనీ తిరస్కరించిన తేదీ నుంచి ఒక ఏడాదిలోపు వెళ్లాలి. గమనించండి, లోన్ తీసుకున్న తేదీ నుంచి కాదు, తిరస్కరించిన తేదీ నుంచి. కాగితాలన్నీ అందాక మూడు నెలల్లో తీర్పు ఇవ్వాలని నియమం. తీర్పు కంపెనీ పాటించి తీరాలి. మీకు నచ్చకపోతే మీరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కానీ ముందే కమిషన్‌లో కేసు వేసి ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోడు, కాబట్టి ఎవరైనా తెలిసిన లాయరు "ముందు కేసు పడేద్దాం" అంటే ఆగమనండి. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువు ఉంటుంది, మీ నవంబర్ 2024 నుంచి లెక్క వేసుకుని ఆ తేదీని క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి, అంబుడ్స్‌మన్ దగ్గర ఆలస్యమైతే ఇది చేజారకూడదు. అందుకే ఇక వాయిదా వేయకండి.

మధ్యలో బ్యాంకు నుంచి ఒక ఫోన్ వస్తుంది. చాలా మర్యాదగా మాట్లాడతారు. "మేడమ్, ఎందుకీ ఫిర్యాదులు, మేమే సరెండర్ చేయించేస్తాం, ఫారం మీద సంతకం పెట్టండి" అంటారు. సరెండర్ వేరు, మొదటి నుంచీ రద్దు వేరు. సరెండర్ ఫారం మీద సంతకం చేస్తే మీ ఇష్టంతోనే పాలసీ మధ్యలో వదులుకున్నట్టు, చేతికి వచ్చేది మిగిలిన కాలానికి లెక్కగట్టిన కొంత మాత్రమే, ఆ తర్వాత మిగతాది అడగడం కష్టం. ఫిర్యాదు అన్ని మెట్లూ ఎక్కి ఓడిపోయిన తర్వాత సరెండర్ ఎలాగూ ఉంటుంది, అది చివరిది. అలాగే "దీన్ని రద్దు చేసి ఆ డబ్బు వేరే మంచి పాలసీలో వేస్తాం" అన్నా వద్దనండి. బ్యాంకువాళ్లతో ఇకపై ఏ మాటైనా మెయిల్లోనే.

మరొక రకం ఫోన్లు కూడా వస్తాయి. "ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ పాలసీ డబ్బు రెడీగా ఉంది, ముందు జీఎస్‌టీ కట్టండి" అని. ఐఆర్‌డీఏఐ ఎవరికీ అలా ఫోన్ చేయదు, పాలసీలు అమ్మదు, డబ్బు అడగదు. కమీషన్ తీసుకుని రిఫండ్ ఇప్పిస్తామనే ఏజెన్సీలు కూడా ఉన్నాయి. మీరు స్వయంగా చేసుకోగలిగిన పనికి మీ డబ్బులోంచి వాళ్లకు వాటా ఎందుకు?

మీ చెల్లెలు లండన్‌లో ఉంటుంది, అక్కడ ఇలాంటి డబ్బు బ్యాంకులు తిరిగిచ్చాయట కదా, మన దగ్గర అలా రాదా అని చివర్లో అడిగారు. నిజమే. అక్కడ దాన్ని పీపీఐ, అంటే పేమెంట్ ప్రొటెక్షన్ ఇన్సూరెన్స్ అంటారు. లోన్లకు, క్రెడిట్ కార్డులకు ఇలాగే ఇన్సూరెన్స్ అంటగట్టారు, అక్కడ కూడా సొంత పని చేసుకునేవాళ్లకు ఉద్యోగం పోతే కట్టే కవర్లు అమ్మారు, ప్రీమియం లోన్‌లో కలిపేశారు, అచ్చం మీ కేసే. 2005లో సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థ దీని మీద పెద్ద ఫిర్యాదు పెట్టింది. బ్యాంకులు కోర్టుకు వెళ్లి 2011లో ఓడిపోయాయి. 2014లో వాళ్ల సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో అయితే ఒక మహిళ కట్టిన ప్రీమియంలో 71.8 శాతం కమీషన్లకే పోయింది, ఆ సంగతి ఆమెకు చెప్పకపోవడం అన్యాయమని తీర్పు వచ్చింది. ఫిర్యాదు పెట్టడానికి 2019 ఆగస్టు 29 చివరి తేదీగా పెట్టారు, మొత్తం మీద 3,800 కోట్ల పౌండ్లకు పైగా జనానికి తిరిగి ఇచ్చారు. మీ చెల్లెలికి పాత లోన్ ఉండి అప్పుడు అడగకపోతే, ఆ మామూలు దారి మూసుకుపోయింది. మన దేశంలో అలా అందరికీ కలిపి తిరిగిచ్చే ఏర్పాటు లేదు, ఎవరి ఫిర్యాదు వాళ్లే పెట్టుకోవాలి. అక్కడ కూడా మొదట్లో అంతే, ఒక్కొక్కరు రాసిన ఫిర్యాదులు పేరుకునే అది అంత పెద్దదైంది. ఇలా అమ్మిన ఇన్సూరెన్స్ వల్ల అప్పు తీసుకునేవాళ్లకు ఖర్చు పెరుగుతోందని 2024 నవంబర్‌లో మన ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ కూడా ముంబైలో బ్యాంకర్ల సభలోనే అన్నారు, అంటే పైనున్నవాళ్లకు తెలియని విషయం కాదు.

డబ్బు వస్తే ఎక్కడికి రావాలో కూడా ముందే రాయండి. లోన్ అకౌంట్‌కే జమ చేస్తామంటే ఒప్పుకోవచ్చు, కానీ అది అసలులో తగ్గాలి, ముందస్తు ఈఎంఐలుగా పెట్టుకోకూడదు. జమ అయ్యాక కొత్త రీపేమెంట్ షెడ్యూల్ అడిగి తీసుకోండి, ఈఎంఐ తగ్గించాలా, కాలం తగ్గించాలా అని బ్యాంకు అడిగితే ఈఎంఐ ఇప్పుడు కట్టగలుగుతున్నారు కాబట్టి కాలం తగ్గించమనండి, వడ్డీ ఎక్కువ మిగులుతుంది. ఈ గొడవంతా జరుగుతున్నప్పుడు ఒక్క ఈఎంఐ కూడా ఆపకండి. కోపంలో ఈఎంఐ ఆపేసి సిబిల్ స్కోర్ పాడుచేసుకుని, చివరికి అసలు ఫిర్యాదులోనే బలహీనపడినవాళ్లను చూశాను.

స్టేట్‌మెంట్‌లో ఇంకో చిన్న మొత్తం, ఆరేడు వేలు, "ప్రాపర్టీ ఇన్సూరెన్స్" అని కనిపించవచ్చు. అది ఇంటికి నిప్పు, వరద లాంటివాటి నుంచి కవర్. తాకట్టులో ఉన్న ఇంటికి అది అడగడం సబబే, ఇంటికి కూడా మంచిది, దాన్ని ఈ ఫిర్యాదులోకి లాగకండి, మిగతా వాదన పలచబడుతుంది.

ఈ రాత్రే మీరూ మీవారూ కూర్చుని ఆ నవంబర్‌లో ఏ రోజు ఎవరు ఏమన్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఇద్దరికీ గుర్తున్నది విడివిడిగా రాసి తర్వాత కలపండి. ఆ తర్వాత కేఎఫ్‌ఎస్‌లో ఇన్సూరెన్స్ లైన్ ఉందో లేదో, రెండో పాలసీలో సొంత వ్యాపారం గురించి ఏ వాక్యం ఉందో చూసి నాకు చెప్పండి, ఆ రెండూ తెలిస్తే మెయిల్ మొదటి పేరా నేను రాసిస్తాను. పేర్లు, అకౌంట్ నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి.